గోదారి గట్టు కబుర్లు: ఇక్కడ చూడ్డానికేముంది?

సంక్రాంతికి మా మేనల్లుడు భార్యనీ, పదేళ్ళ కొడుకునీ వెంటబెట్టుకుని హైదరాబాదు నుంచి నాందేడ్‌లో మా ఇంటికి వచ్చాడు. మనకి పెద్ద పండగే గానీ, మహారాష్ట్రలో మా బ్యాంకుకి ఆ రోజు మామూలుగా సెలవుండదు. అందుకని నాలుగు రోజులు సెలవు పెట్టేశాను. మా ఆవిడ చేసిన అరిసెలు ఒక పళ్ళెంలో, పక్కింటి వదినగారు పంపిన తిళ్‌గుళ్ లడ్డూలు ఒక పళ్ళెంలో పెట్టుకుని అందరం హాల్లో చేరాం.

కిందటి వేసవిలో వాళ్ళు ముగ్గురూ బ్యాంకాక్ చూసి వచ్చారు. మేనల్లుడు ఫోనులో ఫొటోలు టీవీ మీదికి తెచ్చి చూపించాడు. వాడు ఊరికే షాపింగు చేసుకుని వచ్చే రకం కాదు. వెళ్ళిన ప్రతి చోటా వివరం కనుక్కున్నాడు. 1782లో మొదటి రామ అనే రాజు రాజధానిని చావ్ ఫ్రాయా నది తూర్పు గట్టుకు మార్చి కట్టించిన గ్రాండ్ ప్యాలెస్, ఆ ఆవరణలోనే మరకత బుద్ధుడి గుడి. గుడి చుట్టూ వసారా గోడల మీద రామాయణం. దాన్ని వాళ్ళు రామకియెన్ అంటారట. మొత్తం 178 ఘట్టాలు రంగుల్లో వేశారు. ఆ దగ్గర్లోనే వాట్ ఫో అనే గుడిలో శయనించి ఉన్న బుద్ధుడు, 46 మీటర్ల పొడుగు. నది అవతలి గట్టున వాట్ అరుణ్. సూర్యుడి సారథి అరుణుడున్నాడే, ఆయన పేరే.

"ప్యాలెస్‌కి టికెట్టు మనిషికి 500 భాట్ మామయ్యా. అయినా ఇసకేస్తే రాలనంత జనం" అన్నాడు.

నేను నోరు తెరుచుకుని చూశాను. ఎక్కడి థాయిలాండు, ఎక్కడి రామాయణం! ఫొటోలయిపోయాయి. అప్పుడు వాడు మామూలుగా, ఏ దురుద్దేశమూ లేకుండా అడిగాడు. "రేపటి నుంచి మూడు రోజులు ఉంటాం మామయ్యా. గురుద్వారా ఎలాగూ చూస్తాం. తరవాత ఇక్కడ చూడ్డానికేముంది?"

"ఏముందిరా, ఏమీ లేదు. కావాలంటే ఓ పూట బాసర వెళ్ళొద్దాం" అన్నాను.

ఈ జవాబు నాకు కంఠతా వచ్చు. ఇరవై రెండేళ్ళుగా వచ్చిన చుట్టాలందరికీ ఇదే చెప్పాను. మధ్యలో చుట్టుపక్కల శాఖలకు బదిలీలయినా కాపురం మటుకు నాందేడ్‌లోనే ఉంచాం. మా పిల్లలిద్దరూ ఇక్కడే చదువుకున్నారు. వాళ్ళకీ ఇదే మాట చెప్పి పెంచాను.

మా ఆవిడ కాఫీ గ్లాసులు తీస్తూ, "ఏమీ లేదో, మనం చూళ్ళేదో?" అంది.

ఆ మాటకి వెనకాల కథ ఉంది. ఇంకో రెండేళ్ళలో నేను రిటైరవుతాను. ఈ ఇల్లు అమ్మేసి హైదరాబాదులో ఓ ఫ్లాటు తీసుకుందామని నా పోరు. అక్కర్లేదని ఆవిడ పట్టు. మా ఇద్దరి వాదనలో నా మొదటి పాయింటు ఎప్పుడూ ఒకటే. 'ఈ ఊళ్ళో ఏముందని ఉండాలి?' అందుకే ఆవిడ ఆ ప్రశ్న మేనల్లుడి మీదుగా నా మీదికి విసిరింది.

సరే, చూద్దామనుకున్నాం. మూడు రోజులు తిరిగాం. ఆ లెక్క మీకు అప్పజెప్పడానికే ఈసారి ఈ కబుర్లు.

మొదటి రోజు ఊళ్ళోనే

పొద్దున్నే సచ్‌ఖండ్ గురుద్వారాకి వెళ్ళాం. నాందేడ్‌లో ఉన్న మనకి ఇది రోజూ కనిపించేదే. ఆటోవాడికి దారి చెప్పడానికి గురుతు. కానీ పంజాబు నుంచి, కెనడా నుంచి జనం జీవితంలో ఒక్కసారైనా చూడాలని వచ్చే చోటు ఇది. సిక్కులకి అయిదు తఖ్తులు. అమృత్‌సర్, ఆనంద్‌పూర్, తల్వండీ సాబో పంజాబులో ఉన్నాయి. నాలుగోది బీహారులో పాట్నా. అయిదోది మన నాందేడ్.

పదో గురువు గోవింద్ సింగ్ ఇంత దూరం ఎందుకొచ్చారని పిల్లాడు అడిగాడు. ఆ కథలో మన హైదరాబాదు కూడా ఉంది. 1707లో ఔరంగజేబు చనిపోయాక కొడుకుల మధ్య గద్దె కోసం యుద్ధాలయ్యాయి. గెలిచిన బహదూర్ షా, హైదరాబాదులో తిరగబడ్డ తమ్ముడు కాంబక్ష్ మీదికి దండెత్తి దక్షిణానికి వచ్చాడు. ఆ ప్రయాణంలో గురువు కూడా వచ్చి నాందేడ్‌లో గోదావరి గట్టున ఆగారు. ఇక్కడే ఒక పఠాను ఆయన్ని కత్తితో పొడిచాడు. 1708 అక్టోబరు 7న కన్నుమూశారు. తన తరవాత మనిషి ఎవరూ గురువు కారనీ, గ్రంథమే గురువనీ చెప్పింది ఇక్కడే. ఒక మతం తన గురుపీఠాన్ని పుస్తకానికి అప్పగించిన చోటు మన ఊరు. దాని 300 ఏళ్ళ ఉత్సవం 2008లో జరిగింది. అప్పుడు ఊరంతా రోడ్లు తవ్వేస్తే దుమ్ముకి విసుక్కున్నాను. నాకు గుర్తున్నది అదే!

ఇప్పుడున్న కట్టడం పంజాబు మహారాజు రంజీత్ సింగ్ చొరవతో 1832-37 మధ్య లేచింది. అప్పటికి ఇది నిజాం రాజ్యం. ఆ రోజుల్లో హైదరాబాదు రాజ్యానికి వచ్చి స్థిరపడ్డ సిక్కుల వంశాల వారిని దక్కనీ సిక్కులంటారు. లోపలి గర్భాలయంలోకి పూజారులు తప్ప ఎవరూ వెళ్ళరు. బయటి నుంచే దండం. తలకి రుమాలు కట్టుకోవాలి, కాళ్ళు కడుక్కోవాలి, అంతే. టికెట్టు లేదు. లంగరులో పప్పూ రొట్టే తిన్నాం. పక్కన కూర్చున్న లారీ డ్రైవరు మా చిన్నాడి పళ్ళెంలో పాయసం అయిపోవడం చూసి వడ్డించేవాణ్ణి పిలిచాడు.

అక్కణ్ణుంచి గోదావరి గట్టున ఉన్న బందా ఘాట్‌కి వెళ్ళాం. మాధోదాస్ అనే బైరాగి ఇక్కడ మఠం పెట్టుకుని ఉండేవాడు. 1708లో గురువుని కలిశాక ఆయన జీవితం మారిపోయింది. బందా సింగ్ బహదూర్ అనే పేరుతో పంజాబు వెళ్ళి, 1710లో సర్‌హింద్‌ని గెలిచాడు. 1716లో ఢిల్లీలో మొగలులు ఆయన్ని చంపేశారు. పంజాబు చరిత్రలో ఒక అధ్యాయం మన ఘాట్ మెట్ల మీద మొదలైందన్న మాట. నగీనా ఘాట్, హీరా ఘాట్, శికార్ ఘాట్, మాల్ టేకడీ, ఒక్కో దానికీ ఒక్కో కథ. ఓపికుంటే అన్నీ ఒక రోజులో చూడొచ్చు.

సాయంత్రం పాతబస్తీకి వెళ్ళాం. నదిని ఆనుకుని నందగిరి కోట. పెద్దగా ఏమీ మిగల్లేదు. గోడలు, బురుజులు, కింద నీళ్ళు. నేను రాజమండ్రి వాణ్ణి. గోదావరి అంటే మాదే అనే పొగరు నాకు పుట్టుకతోనే వచ్చింది. ఆ బురుజు మీద నిలబడితే తట్టింది. మా రాజమండ్రి రేవుకి వచ్చేది ఇక్కడ చూసి పంపిన నీళ్ళే. మనం ముందు, వాళ్ళు తరవాత.

ఊరు కూడా అంత పాతదే. వాశిమ్‌లో దొరికిన నాలుగో శతాబ్దపు వాకాటక రాగిరేకుల్లో 'నందికడ' అనే ప్రాంతం పేరుంది. అది నాందేడేనని చరిత్రకారులు గుర్తించారు. అంటే బ్యాంకాక్ రాజధాని అయ్యేనాటికి నాందేడ్ వయసు పధ్నాలుగు వందల ఏళ్ళ పైమాటే.

బజారులో నడుస్తుంటే మా చిన్నాడు దుకాణాల బోర్డులు పట్టిపట్టి చదువుతున్నాడు. ముక్కావార్, చింతావార్, గుండావార్, మామిడ్వార్. ఆగి అడిగాడు. "తాతయ్యా, ఇక్కడ అందరి పేర్లలోనూ వార్ ఎందుకుంది? వీళ్ళంతా యుద్ధం చేశారా?"

రోడ్డు మీదే పెద్దగా నవ్వేశాం. యుద్ధం కాదురా నాయనా, మన 'వారు'. చింతా వారు, గుండా వారు. ఎన్నో తరాల కిందట గోదావరి వెంబడి వచ్చి ఇక్కడ దుకాణాలు పెట్టిన వైశ్యులు, మగ్గాలు పెట్టిన పద్మశాలీలు, పొలాలు దున్నిన కాపులు. ఇంటి పేరు చివర మనం గౌరవానికి తగిలించే 'వారు' మరాఠీ నోళ్ళలో నలిగి 'వార్' అయింది. వాళ్ళలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికీ తెలుగే. మరాఠీ, దక్కనీ కలిసిన తెలుగు. నేను వచ్చిన కొత్తలో ఆ తెలుగు విని ముసిముసిగా నవ్వేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. బడిలో ఒక్క అక్షరం నేర్పకపోయినా నాలుగైదు తరాలు నిలబెట్టుకున్న తెలుగు అది. నా పిల్లలు ఒక్క తరంలోనే చదవడం మర్చిపోయారు.

రెండో రోజు కంధార్

కంధార్ అంటే అఫ్ఘనిస్థాన్‌లోది కాదు. లోహా మీదుగా వెళితే సుమారు 50 కిలోమీటర్లు. ఆ చుట్టుపక్కలే మాళేగావ్. మార్గశిర మాసంలో ఖండోబా జాతరకి పేరుపొందిన ఊరు. గుర్రాలు, ఒంటెలు, గాడిదలు అమ్మకానికొచ్చే పెద్ద సంత అది. మేం వెళ్ళేసరికి జాతర అయిపోయింది.

కంధార్‌లో ముందు కోట చూశాం. చుట్టూ కందకం, రెండు వరసల గోడ, మలుపు తిరిగే గుమ్మాలు. లోపల లాల్ మహల్, మసీదు, ఫిరంగులు. అక్కడక్కడా పాత విగ్రహాలు. రాష్ట్రకూటులు వేసిన పునాది మీద తరవాత వచ్చిన సుల్తానులూ, మొగలులూ, నిజాములూ ఎవరికి తోచింది వాళ్ళు కట్టుకుంటూ పోయారు.

రాష్ట్రకూటుల రాజధాని కర్ణాటకలోని మాన్యఖేటం, ఇప్పటి మాల్‌ఖేడ్. కంధార్ వాళ్ళకి రెండో రాజధాని లాంటిదంటారు. మూడో కృష్ణుడు (939-967) పేరు ఈ ఊరికి గట్టిగా ముడిపడి ఉంది. తంజావూరు చోళుల్ని 949లో తక్కోలం దగ్గర ఓడించిన రాజు ఈయనే. ఆయన కాలపు శాసనం ఒకటి కంధార్‌లో దొరికింది. అందులో గుళ్ళ గురించీ, దానధర్మాల గురించీ, 'జగత్తుంగ సముద్రం' అనే చెరువు గురించీ ఉంది. ఆ చెరువు ఇప్పటికీ ఉంది.

ఆయన సామంతుల్లో మన వేములవాడ చాళుక్యులున్నారు. వాళ్ళ ఆస్థానంలోనే పంపకవి 941లో కన్నడ భారతం పూర్తి చేశాడు. ఆ వంశం మొదట్లో ఏలింది బోధన్ నుంచి. మన జిల్లా సరిహద్దు దాటితే వచ్చే బోధనే. వాళ్ళ మూలపురుషుడు యుద్ధమల్లుడు అక్కడ నూనె నింపిన కోనేట్లో 500 ఏనుగులకి స్నానం చేయించేవాడని పంపకవి చెప్పాడు. నూనె ధర లెక్కేసి మా మేనల్లుడి భార్య "ఇప్పుడైతే రాజ్యం దివాలా తీసేది బాబాయిగారూ" అంది. ఇంకా వెనక్కి వెళితే, బుద్ధుడి కాలం నాటి పదహారు మహాజనపదాల్లో దక్షిణాదిన ఉన్నది అశ్మకం ఒక్కటే. దాని రాజధాని పోదన కూడా బోధనేనని చాలామంది చరిత్రకారులంటారు. అంటే మన చుట్టూ రాజధానులే. ఒక్కటీ నేను చూళ్ళేదు.

ఇక కంధార్‌లో అసలైనది కోట బయట ఉంది. ఊరి పొలిమేరలో ఒక మహా విగ్రహం తాలూకు ముక్కలున్నాయి. పాదం, చేతి భాగాలు. క్షేత్రపాలకుడి విగ్రహం. నిలబడి ఉన్న రోజుల్లో యాభై అడుగులు దాటి ఉండేదని అంచనా. మేం వెళ్ళేసరికి ఎవరూ లేరు. గడ్డి మేస్తున్న రెండు మేకలు, ఎండ.

చిన్నాడు ఆ పాదం పక్కన నిలబడ్డాడు. బొటనవేలి మీద అరచెయ్యి పెట్టి చూసుకున్నాడు. బ్యాంకాక్‌లో 46 మీటర్ల బుద్ధుణ్ణి చూసొచ్చిన పిల్లాడు. వాడికి పెద్ద విగ్రహాలు కొత్త కాదు. అయినా చాలాసేపు అక్కణ్ణుంచి కదల్లేదు.

"మిగతాది ఏమైంది తాతయ్యా?"

"పడిపోయిందిరా."

"మరి ఎవరూ అతికించలేదా?"

నా దగ్గర జవాబు లేదు. క్షేత్రపాలకుడంటే ఊరిని కాపలా కాసే దేవుడు. శివాలయాల్లో చూస్తూనే ఉంటాం. ఈ ఊరిని కాపలా కాసినవాడి పాదం ఇక్కడ పడి ఉందని, యాభై కిలోమీటర్ల దూరంలో ఇరవై రెండేళ్ళున్న నాకు తెలియదు. వాట్ ఫో బుద్ధుడి ముందు నిలబడి ఫొటో తీయించుకోవడానికి ప్రపంచమంతా వస్తుంది. అక్కడివాళ్ళు ఆయన్ని చూసుకున్నారు, తుడిచారు, బంగారు రేకు తాపారు. ముందు ఊరివాళ్ళు చూస్తేనే కదా, తరవాత పరాయివాళ్ళు చూసేది.

తిరిగొచ్చే ముందు హాజీ సయ్యా సర్వరె మఖ్దూమ్ దర్గా దగ్గర ఆగాం. హిందువులూ ముస్లిములూ ఇద్దరూ వచ్చే చోటు. అక్కడి చెట్టు నీడలో మా ఆవిడ తెచ్చిన పులిహోర, పెరుగన్నం తిన్నాం. వెళ్ళేవాళ్ళు మంచినీళ్ళు, టోపీ మర్చిపోకండి. కోటలో నీడ తక్కువ.

మూడో రోజు హొట్టల్

ఇప్పుడు చెప్పబోయేది నా సొంత తప్పు. మీరే మందలించండి.

దెగ్లూర్ వైపు ఒక శాఖలో నేను మూడేళ్ళు పనిచేశాను. పంట రుణాల వసూలుకి ఆ చుట్టుపక్కల ఊళ్ళన్నీ జీపులో తిరిగాను. దెగ్లూర్‌కి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో హొట్టల్. ఆ ఊళ్ళో ఎవరికి ఎంత బాకీ ఉందో, ఎవరి బావిలో మోటారు కాలిపోయిందో, ఎవరు కూతురి పెళ్ళి చేసి వాయిదా ఎగ్గొట్టారో నాకు నోటికి వచ్చు. చెట్ల వెనక నల్లరాతి గుళ్ళు కనిపించేవి. రైతులు "సాహెబ్, దర్శనం చేసుకుని వెళ్ళండి" అనేవారు. "ఇంకో ఊరుంది, మళ్ళీ వస్తా" అనేవాణ్ణి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా జీపు దిగి అటు వెళ్ళలేదు.

ఇన్నేళ్ళకి దిగాను. నాందేడ్ నుంచి సుమారు 90 కిలోమీటర్లు. కల్యాణి చాళుక్యుల కాలంలో, 11, 12 శతాబ్దాల్లో, ఈ ఊరి పేరు పొట్టలనగరి. అప్పుడు పెద్ద పట్టణం. సిద్ధేశ్వరాలయం అన్నింటిలోకీ బాగా నిలిచి ఉంది. నల్లరాయి. బయటి గోడల మీద వరసగా సురసుందరులు. ఒక్కొక్కరి నిలబడ్డ తీరు, కొప్పు, వడ్డాణం విడివిడిగా చూడాలి. రామప్ప గుడి చూసినవాళ్ళకి చుట్టాలింటికి వచ్చినట్టుంటుంది. కాకతీయులు మొదట కల్యాణి చాళుక్యుల సామంతులే గదా. రామప్ప కట్టింది 1213లో. అంటే హొట్టల్ శిల్పులు ఆ పనివాళ్ళకి తాతలవుతారు.

ఈ జిల్లాలో దొరికిన చాళుక్యుల శాసనాలు చాలా భాగం కన్నడంలోనే ఉన్నాయి. ఆ రోజుల్లో కన్నడ లిపికీ తెలుగు లిపికీ పెద్ద తేడా లేదు. చిన్నాడు ఒక రాతి మీద వేలు పెట్టి, "ఇది మన 'న' లాగా ఉంది, ఇది 'ర' లాగా ఉంది" అని ఒకటి రెండు అక్షరాలు పోల్చుకున్నాడు. మరాఠీ నేల మీద, కన్నడ రాజుల శాసనంలో, తెలుగు పిల్లాడు అక్షరాలు వెతుక్కున్నాడు. అయినా ఈ గీతలు ఎప్పుడు గీశారని? 1948 సెప్టెంబరు 17 దాకా ఇదంతా నిజాం ఏలుబడి. 1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసి, మరాఠ్వాడాని బొంబాయి రాష్ట్రంలో కలిపారు. 1960 మే 1న మహారాష్ట్ర వచ్చింది. అందుకే దెగ్లూర్, బిలోలీ, ధర్మాబాద్, కిన్వట్ బజార్లలో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. మనం బయటినుంచి వచ్చినవాళ్ళమని అనుకుంటాం. తెలుగు మటుకు మనకన్నా ముందే ఇక్కడ ఉంది.

గుళ్ళోంచి బయటికి వస్తుంటే ఒక ముసలాయన నా మొహం పరీక్షగా చూసి, "మీరు బ్యాంకు సాహెబు కదా?" అన్నాడు. నాకు ఆయన గుర్తు రాలేదు. ఆయనకి నేను గుర్తున్నాను. "వసూలుకి వచ్చారా?" అని అడిగాడు. కాదు, గుడి చూడ్డానికి వచ్చానన్నాను. నమ్మినట్టు లేదు. అయినా చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మిగతా గుళ్ళన్నీ దగ్గరుండి చూపించాడు. కొన్ని కూలి ఉన్నాయి. ఏ రాయి ఏ గుడిదో ఆయనకి తెలుసు. ఇంటికి తీసుకెళ్ళి టీ ఇచ్చాడు. ఆయన చిన్నప్పుడు తండ్రితో నిజామాబాదు సంతకి వెళ్ళేవాడట. నాలుగు తెలుగు ముక్కలు కూడా మాట్లాడాడు.

ఇంకా మిగిలినవి

మూడు రోజుల్లో చూడగలిగింది ఇంతే. మాహూరు మిగిలింది. కిన్వట్ మీదుగా సుమారు 130 కిలోమీటర్లు, టేకు అడవిలోంచి దారి. అక్కడి రేణుకాదేవి మహారాష్ట్ర వారి మూడున్నర శక్తిపీఠాల్లో ఒకటి. తెలంగాణ వాళ్ళు ఎల్లమ్మ అని కొలిచేది ఈమెనే. పక్కనే కోట, దత్తాత్రేయుడి గుడి, పాండవ లేణి అనే గుహలు. బహమనీల కాలంలో మహమూద్ గవాన్ రాజ్యాన్ని ఎనిమిది తరఫులు చేసినప్పుడు మాహూరు అందులో ఒకటి. దీనికి ఒక రోజంతా పెట్టుకోవాలి. అది వేరే సంచికలో.

బాసర మనందరికీ తెలిసిందే. మా పిల్లలిద్దరికీ అక్షరాభ్యాసం అక్కడే చేయించాం. కానీ అటు వెళ్ళినప్పుడు కందకుర్తి కూడా చూడండి. గోదావరి తెలంగాణలోకి అడుగుపెడుతూ మంజీరని కలుపుకునే చోటు అది. బాసరకి కాస్త ఎగువన ఉంటుంది. మన గోదావరి పుష్కరాలు పన్నెండేళ్ళకోసారి. 2015లో అయ్యాయి, తరవాత 2027లో. పుష్కరాలంటే చుట్టాలు వచ్చే కాలం. అప్పుడు వాళ్ళని స్నానం చేయించి రైలెక్కించకుండా, ఒక్క రోజు ఆపి కంధారో హొట్టలో చూపించండి. చూడ్డానికి మంచి కాలం మాత్రం అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. తరవాత మన ఎండల సంగతి మీకు తెలుసు.

ఇంకో మాట. మన సంఘం ఏటా పిక్నిక్కి తోటలకీ, జలపాతాలకీ వెళుతుంది. ఒక ఏడాది హొట్టల్‌కి వెళితే ఎలా ఉంటుందో కార్యవర్గం ఆలోచించాలని మనవి. పులిహోర బాధ్యత మా ఆవిడ తీసుకుంటానంది.

మేనల్లుడు వెళ్ళి నెల రోజులయ్యాక ఫోను చేశాడు. బళ్ళో సెలవుల గురించి రాయమంటే, చిన్నాడు బ్యాంకాక్ గురించి రెండు పేజీలు రాసి, చివర నాందేడ్ గురించి సగం పేజీ రాశాడట. ఆ సగం పేజీ అంతా ఆ పాదమేనట. నాకు అదే చాలు. మా పిల్లలు ఆ సగం పేజీ కూడా రాయలేరు. అది వాళ్ళ తప్పు కాదు.

ఇల్లు అమ్మే సంగతి ఇంకా తేలలేదు. హైదరాబాదులో మంచి ఆసుపత్రులున్నాయి, మా అబ్బాయి ఉన్నాడు, ఆ పాయింట్లు అలాగే ఉన్నాయి. 'ఇక్కడేముంది' అన్నది మటుకు నా వాదనలోంచి తీసేశాను. మా ఆవిడ ఆ విషయం గమనించింది. పైకి ఏమీ అనలేదు. మొన్న మాత్రం, "మాహూరు ఎప్పుడు వెళుతున్నాం?" అని అడిగింది.

ఉంటాను. మీ ఊరి చుట్టుపక్కల మీరు చూసినవీ, ఇన్నాళ్ళూ చూడనివీ నాకు రాసి పంపండి. వచ్చే సంచికలో కలుద్దాం.